నానా చెప్పిన ఖజానా

పదిహేనేళ్ల కిందటి మాట. స్పోర్ట్స్ పేజీకి ఒక పాత ముచ్చట తర్జుమా చేస్తూ, రైఫిల్ 'చాంబర్'ని 'గది' అని రాసేశాను. ఉర్దూ మీడియంలో చదివి, తెలుగులో డిగ్రీ చేసినవాణ్ని. రెండు భాషలూ వచ్చన్న ఘమండ్ కొంచెం ఉండేది. మర్నాడు పేపర్ చదివి వినిపిస్తుంటే నానా పడీ పడీ నవ్వారు. "బందూక్‌లో గదేంది బేటా? ఖజానా అనాలి. బారూద్ ఉండే జాగా."

నానా దగ్గర ఒకప్పుడు లైసెన్సున్న భర్మార్ ఉండేది. మూతిలోంచి బారూద్ పోసి, గుండు వేసి, గజ్‌తో అడుగు దాకా దట్టించాలి. గుండు బారూద్‌ని ఆనకుండా మధ్యలో ఆగిపోతే గొట్టం ఉబ్బుతుంది, పగిలినా పగులుతుంది. మా ఛోటే నానా కుడిచేతి రెండు వేళ్లు అట్లాగే పోయాయి. చేను కాపలా, చీకటి, పందుల చప్పుడు. జల్దీలో సగం దాకే దట్టించారట. అప్పట్నుంచి నానా గజ్ మీద గాటు పెట్టుకున్నారు. ఆ గాటు మూతి అంచుకి దిగితే తప్ప బందూక్ ఎత్తేవారు కాదు.

నేను తర్జుమా చేసింది 1874 సెప్టెంబర్‌లో న్యూయార్క్ దగ్గర క్రీడ్‌మూర్‌లో జరిగిన పోటీ గురించి. ఐర్లండ్ వాళ్లవి మూతిలోంచి దట్టించే రిగ్బీ రైఫిళ్లు. అమెరికా వాళ్లవి వెనక నుంచి తూటా పెట్టే రెమింగ్టన్, షార్ప్స్. దూరం 800, 900, 1000 గజాలు. అమెరికా 934, ఐర్లండ్ 931. ఐర్లండ్ షూటర్ ఒకాయన గుండు సరిగ్గా నడిమధ్యన తగిలింది, కాకపోతే పక్క టార్గెట్‌కి!

నానా అంతా విని ఒకటే సవాల్ వేశారు: "వెనక నుంచి పెడితే గుండు సీదాగా కూర్చుంటదా?"

జవాబు నాకు చాలా ఏళ్లకు దొరికింది. తూటా లోపలికి పోవాలంటే ఖజానా దానికన్నా కొంచెం వదులుగా ఉండాలి. ఆ వదులులో గుండు వెంట్రుకవాసి వాలినా గురి చెడుతుంది. పైగా నల్ల బారూద్ కాలాక చాలా మసి మిగులుతుంది. హ్యారీ పోప్ అనే అమెరికా కారీగర్ రైఫిళ్లలో దీనికి తర్కీబ్ ఉంది. గుండుని మూతిలోంచే దించి, ఖజానాకి కాస్త ముందు, గొట్టం చాళ్లలో సీదాగా కూర్చోబెడతారు. దిగుతూ దిగుతూ అది పాత మసిని కిందికి తోసేస్తుంది. తర్వాత వెనక నుంచి బారూద్ నింపిన ఖోల్ మాత్రం పెడతారు. అదే ఖోల్‌ని మళ్లీ మళ్లీ నింపుకుంటారు, ఆ ఖజానాకి అది అచ్చు పోసినట్టు అమరిపోయి ఉంటుంది కాబట్టి.

నానా, మీరు అడిగింది సహీ. కానీ ఈ మాట చెప్పేసరికి ఆయన లేరు. భర్మార్ ఎప్పుడో ఠాణాలో జమ అయిపోయింది. గజ్ ఒక్కటే అటక మీద మిగిలింది. మొన్న ఈద్‌కి ఇల్లు దులుపుతుంటే మా అమ్మాయి దాన్ని కర్టెన్ రాడ్ అనుకుంది. కూర్చోబెట్టి గాటు చూపించాను. ఛోటే నానా వేళ్ల సంగతి ముందు చెప్పి, ఖజానా అంటే ఏంటో తర్వాత చెప్పాను.