ఖిల్వత్‌లో ఒక ఉదయము

మా అధ్యాపకుల గదిలో తెలుగు శాఖ వారి బల్ల, ఉర్దూ శాఖ వారి బల్ల ఎదురెదురుగా ఉన్నవి. నడుమ ఒక మంచినీళ్ళ కూజా. 2023 జనవరి 14వ తేదీన ఇస్తాంబుల్ నగరములో నవాబ్ మీర్ బర్కత్ అలీ ఖాన్ ముకర్రంజా బహదూర్ మరణించినారన్న వార్త వచ్చిన పిదప ఆ బల్లల మధ్య దూరము కొంత పెరిగినట్లు మాకు తోచినది. 17వ తేదీ సాయంకాలము ఉర్దూ శాఖలోని పెద్దలు, మేము మౌల్వీ సాబ్ అని పిలుచుకొను మిత్రులు, మా వద్దకు వచ్చి, "పండిత్‌జీ, రేపు పొద్దున ఖిల్వత్‌కు పోదామా?" అని అడిగినారు. మేము వెంటనే సమాధానమీయలేకపోయినాము.

కారణము విన్నవించుకొనవలెను. మాది నల్లగొండ జిల్లా. మా తండ్రిగారు బాల్యములో దొరగారి గడీ పశువులను కాచినారు. అందుకు కూలి లేదు, అది వెట్టి. దొరగారి సవారీ బండికి ముందు పరుగెత్తిన కాళ్ళు మా తాతగారివి. మా తండ్రిగారికి పుట్టిన తేదీ తెలియదు గాని, బడిలో వ్రాయించిన సంవత్సరము మాత్రము 1933. ముకర్రంజా గారు కూడ 1933లోనే, అక్టోబరు 6న, ఫ్రాన్సు దేశపు నీస్ పట్టణములో జన్మించినారు. ఒకరు డెహ్రాడూన్‌లోని డూన్ పాఠశాలలోను, ఇంగ్లాండులోని హారోలోను చదివిన దినములలో మరొకరు గడీ దొడ్డిలో పేడ ఎత్తినారు. ఈ సంగతి మేము మౌల్వీ సాబ్‌తో ఏనాడును చెప్పియుండలేదు. ఆనాడు చెప్పినాము.

వారు కూజాలోని నీళ్ళు ఒక గ్లాసులో పోసుకొని, త్రాగకుండ పట్టుకొని, తమకు తెలిసినది చెప్పసాగినారు. అందులో మాకు మిక్కిలి నచ్చినది తల్లి కథ. ఆమె దుర్రుషెహ్వార్ శాహజాది, కడపటి ఉస్మానీ ఖలీఫా అబ్దుల్ మజీద్ గారి ఏకైక పుత్రిక. 1924 మార్చిలో తుర్కీ జాతీయ సభ ఖిలాఫత్‌ను రద్దు చేసి ఆ కుటుంబమును దేశము నుండి వెడలగొట్టినప్పుడు ఆమెకు పదేండ్లు. తండ్రి గొప్ప చిత్రకారుడు. నీస్‌లో ఆయన గడిపిన ప్రవాస జీవితమునకు మన హైదరాబాదు నుండి ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ నెలనెల పంపిన భరణమే ఆధారమైనది. 1931 నవంబరులో నీస్‌లోనే ఆ కుమార్తెకు నిజాము జ్యేష్ఠపుత్రుడు ఆజంజా తోడను, ఆమె బంధువు నీలోఫర్‌కు రెండవ కుమారుడు మొఅజ్జంజా తోడను వివాహములు జరిగినవి. ఖలీఫా 1944లో పారిస్‌లో మరణించినారు. స్వదేశములో పాతిపెట్టుటకు అనుమతి దొరకలేదు. పదేండ్ల పిమ్మట, 1954లో, మదీనాలో ఆయనకు ఆరడుగుల నేల లభించినది. పురానీ హవేలీలో పిల్లల ఆసుపత్రికి ఆ కుమార్తె పేరే యున్నది. మన విద్యార్థులలో అనేకులు అక్కడ సూదిమందు వేయించుకొన్నవారే గాని, ఆ పేరు ఎవరిదని అడిగినవారు లేరు.

కావున ముకర్రంజా గారు తల్లి వైపున పడిపోయిన ఇంటి మనుమడు, తండ్రి వైపున పడిపోబోవు ఇంటి వారసుడు. ఉస్మానీ ఆచారములో కుమార్తె సంతతికి సింహాసనము రాదు. ఆసఫ్‌జాహీ రాజ్యము 1948 సెప్టెంబరు 17న ముగిసిన నాటికి ఆయనకు ఇంకను పదునైదు నిండలేదు. తాతగారు స్వంత కుమారుని కాదని మనుమని వారసునిగా నిర్ణయించినారు. తాత 1967 ఫిబ్రవరిలో మరణింపగా, ఏప్రిల్ 6న చౌమహల్లాలో ముప్పది మూడేండ్ల వయస్సున ఆయనకు పట్టాభిషేకము జరిగినది. నాలుగేండ్లలో, 1971లో, రాజ్యాంగపు 26వ సవరణ ఆ బిరుదును, రాజభరణమును తొలగించినది. పిమ్మట ఆయన పశ్చిమ ఆస్ట్రేలియాలో మర్చిసన్ నది ప్రక్కన ఒక గొఱ్ఱెల క్షేత్రము కొని, బుల్డోజరు నడుపుట యందు సుఖము వెదకినారట. మాకు ఈ వృత్తాంతము విన్నప్పుడు నవ్వు రాలేదు.

అయినను మేము ఊరకుండలేక, "తాతగారి ఆస్తికి వారసుడైనవాడు తాతగారి బాకీకి వారసుడు కాడా?" అన్నాము.

మౌల్వీ సాబ్ చాలసేపు ఆలోచించినారు. "బాకీ కూడా ఆయనకే వచ్చింది, పండిత్‌జీ. కాని మీ నాయనగారి బాకీ ఆ లెక్కల్లో రాయలేదు" అన్నారు.

నిజమే. వ్రాసినవి వేరు. పంచుకొనగోరు బంధువులు, ఆశ్రితులు వేలు. దావాలు లెక్కకు మించినవి. నిజాము ఆభరణములలో 173ను, జాకబ్ వజ్రముతో సహా, భారత ప్రభుత్వము 1995లో 218 కోట్లకు కొనినది. 1948లో లండను బ్యాంకులో పడిన పది లక్షల పౌండ్ల తగవు 2019 అక్టోబరు 2న గాని తెమలలేదు. భారతదేశమునకును, ముకర్రంజా సోదరులకును అనుకూలముగ తీర్పు వచ్చునప్పటికి ఆయనకు ఎనుబదియారేండ్లు నిండవచ్చినవి. ఆయన ప్రథమ భార్య ఎస్రా గారు, విడాకులు పొందిన ఏండ్లకు తిరిగి వచ్చి, శిథిలమైన చౌమహల్లాను బాగుచేయించిరి. బిరుదున్నవారి కంటె ఆమెయే ఆ ఇంటికి ఎక్కువ చేసినదని మా అభిప్రాయము.

మరునాడు మేము వెళ్ళినాము. ఖిల్వత్ వాకిట వరుస మెల్లగా కదలుచున్నది. ముందు ఒక పిల్లవాడు తండ్రి చేయి పట్టుకొని తెలుగులో, "ఈయన ఎన్నో నిజాము?" అని అడిగినాడు. తండ్రికి తెలియలేదు. మౌల్వీ సాబ్ వంగి, "ఎనిమిదో ఆయన, బేటా" అన్నారు. వాడు వ్రేళ్ళు లెక్కించుకొని, "మా పుస్తకంలో ఏడుగురే ఉన్నారు" అన్నాడు. ఎవ్వరును బదులు పలుకలేదు.

పార్థివదేహము ముందు నిలువనిచ్చినది కొన్ని క్షణములే. మేము చేతులు జోడింపలేదు, జోడింపకుండ ఉండనూ లేకపోయినాము. చేతులు సగములో ఆగినవి. సాయంకాలము మక్కా మసీదులో ఆసఫ్‌జాహీ సమాధుల ఆవరణలో ప్రభుత్వ లాంఛనములతో ఖననము జరిగినది. మేము అంతవరకు ఉండలేదు.

తిరిగి వచ్చునప్పుడు బస్సులో కిటికీ ప్రక్క స్థలము మాకు ఇచ్చి, మౌల్వీ సాబ్ కొంతసేపు మౌనముగ కూర్చున్నారు. చార్మినార్ దాటిన తరువాత, "మీ నాయనగారి పేరేమి?" అని అడిగినారు. ఇరువది యేండ్లుగా ఎదురెదురు బల్లల వద్ద కూర్చున్నవారము. మేము పేరు చెప్పినాము. వారు దానిని ఒకసారి నెమ్మదిగా పలికి, ఉచ్చారణ సరియైనదేనా అని మమ్ము అడిగినారు.