ఎడారిలో బళ్ళ ఊరు

అమెరికా సంయుక్త రాష్ట్రాలకు నైరుతి మూలన అరిజోనా అనే రాష్ట్రం ఉన్నది. దాని రాజధాని ఫీనిక్సు నుంచి పడమరగా రెండు వందల కిలోమీటర్లు పోతే క్వార్ట్‌జ్‌సైట్ అనే చిన్న ఊరు వస్తుంది. 2020 జనాభా లెక్కలలో ఆ ఊరి జనం రెండున్నర వేల లోపే. కాని చలికాలంలో చూడండి, ఊరి చుట్టూ ఎడారిలో వేలకొద్దీ బళ్ళు! అవి సరుకుల బళ్ళు కావు, మనుషులు కాపురముండే మోటారు వాన్లు.

2023 ఏప్రిల్‌లో నేను ఫీనిక్సులో మా అబ్బాయి ఇంట ఉన్నాను. వాడితో పాటు ఆఫీసులో పనిచేసి రిటైరైన ఒకాయన ఇల్లు అమ్మేసి, వానులో కాపురం పెట్టాడు. "బళ్ళు కదిలేలోగా మీ నాన్నగారిని తీసుకురా" అని ఆయన కబురు చేశాడు. మా అబ్బాయి ఒక వాను అద్దెకు తెచ్చాడు. నేనూ, వాడూ, తొమ్మిదేళ్ళ మనమడూ బయలుదేరాం.

ఊళ్ళో మొదట మేము చూసినది ఒక సమాధి. రాళ్ళతో కట్టిన చిన్న పిరమిడు, దాని కొనమీద లోహపు ఒంటె! 1856లో అమెరికా సైన్యంవారు ఈ ఎడారుల్లో బరువులు మోయించటానికి సముద్రం దాటించి ఒంటెలను తెప్పించారు. వాటితో వచ్చినవాడు హాజీ అలీ. అక్కడివాళ్ళకు నోరు తిరగక అతన్ని "హై జాలీ" అన్నారు. ఒంటెల ప్రయత్నం సాగలేదు గాని, హాజీ అలీ మాత్రం ఆ దేశంలోనే ఉండిపోయి, 1902లో ఈ ఊళ్ళోనే కన్నుమూశాడు.

ఊరికి దక్షిణంగా "లా పోసా" అనే మైదానం ఉన్నది. అది ప్రభుత్వ భూమి. సెప్టెంబరు 15 మొదలు ఏప్రిల్ 15 దాకా అక్కడ బండి నిలుపుకోవటానికి ఆ ఏడు రుసుము 180 డాలర్లు. నీళ్ళు పట్టుకునే కుళాయీ, మురుగునీరు పారబోసే చోటూ ఉన్నాయి. కరెంటు లేదు. వాను పైకప్పుమీది పలకలు ఎండను కరెంటుగా మార్చి బాటరీలో నింపుతాయి. ఒక మంచం, ఒక పొయ్యి, నాలుగు గిన్నెలు... ఇల్లంతా మా బడి ఆఫీసు గదిలో సగం ఉండదు.

మేము వెళ్ళేసరికి వేల బళ్ళూ వెళ్ళిపోయాయి. మా స్నేహితుడి గుంపులో ఆరే మిగిలినవి. జులైలో అక్కడ వేడి 45 డిగ్రీలు దాటటం మామూలు. (మన రెంటచింతల వాళ్ళకు ఆ ఎండ సంగతి వేరే చెప్పనక్కరలేదు.) రేకు బండిలో ఆ వేడికి ఎవరుండగలరు? అందుకని చాలామంది ఉత్తరానికి గాని, కొండలమీదికి గాని పోతారు. క్వార్ట్‌జ్‌సైట్ సముద్రమట్టానికి 270 మీటర్ల ఎత్తున ఉన్నది. అదే రాష్ట్రంలో ఫ్లాగ్‌స్టాఫ్ ఊరు ఎత్తు 2,100 మీటర్లు. వెయ్యి మీటర్లు పైకి పోతే గాలి సుమారు ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది. తేడా ఎంతో లెక్క కట్టమంటే మా మనమడు ఇసుకలో పుల్లతో రాసి, "పన్నెండు, తాతయ్యా!" అన్నాడు.

ఆ సాయంత్రం నేలమీద ఒక దుప్పటి పరిచారు. ఎవరికి అక్కరలేనివి వాళ్ళు తెచ్చి దానిమీద పెట్టారు: నీళ్ళ డబ్బాలు, పుస్తకాలు, ఒక గొడుగు. కావలసినవాళ్ళు తీసుకున్నారు, డబ్బు మాట లేదు. మా ఊరి చెరువుగట్టున గంగిరెద్దులవాళ్ళు సంక్రాంతి వెళ్ళాక గుడారాలు విప్పేటప్పుడు కూడా నేనిట్లాగే నిలబడి చూసేవాణ్ణి.

వాళ్ళలో డెబ్భై దాటిన ఒక ముసలావిడ ఉన్నది. ఆవిడ కూడా పంతులమ్మే. ఐదేళ్ళుగా ఒంటరిగా వానులో తిరుగుతున్నది. ఆవిడ ఏకంగా తన కుర్చీనే తెచ్చి దుప్పటిమీద పెట్టింది. అందరూ మాటలు ఆపేశారు.

"నా చూపు తగ్గుతున్నది. పగలు తప్ప బండి నడపరాదని లైసెన్సులో రాశారు. వచ్చే ఏడు అదీ ఉండదు. బండిని ఈ ఊళ్ళోనే అమ్మేసి మా అమ్మాయి దగ్గరికి పోతాను," అన్నది ఆవిడ.

వద్దని ఎవరైనా బతిమాలుతారేమో అనుకున్నాను. చూపు తగ్గినవాళ్ళు బండి తోలకూడదనే నా అభిప్రాయం. వాళ్ళూ ఆ మాట కాదనలేదు. మా స్నేహితుడు మాత్రం, "అమ్మేది ఇక్కడెందుకు? కొండమీద అమ్మవచ్చును. నేను ముందు నడుస్తాను," అన్నాడు. "నేను వెనక," అన్నది ఇంకొకామె. ఫ్లాగ్‌స్టాఫ్‌కు సుమారు నాలుగు వందల కిలోమీటర్లు. పొద్దున పూట మాత్రమే నడుపుతూ, మూడు రోజులలో చేరాలని నిర్ణయించారు. ఆవిడ చాలాసేపు ఆలోచించి, కుర్చీ వెనక్కు తీసుకున్నది.

రాత్రి నెగడు దగ్గర ఆవిడ నన్నడిగింది: "మీకు మీ అబ్బాయి ఇంట్లో ఉండటం బాగుంటుందా?"

నేను ఆరు నెలలు పెద్దవాడి దగ్గరా, ఆరు నెలలు చిన్నవాడి దగ్గరా ఉంటాను. ఊళ్ళో ఇంటికి తాళం వేసి మూడేళ్ళయింది. ముప్ఫై ఏళ్ళు పిల్లల్ని ప్రశ్నలడిగినవాణ్ణి, ఆ ప్రశ్నకు నాకు జవాబు తోచలేదు. "పిల్లవాడు లెక్కలు చేస్తాడు, పొద్దుపోతుంది," అన్నాను. ఆవిడ నవ్వింది.

తెల్లవారగానే బూడిద చల్లార్చి, గోనెసంచీలోకి ఎత్తారు. రాళ్ళు ఎక్కడివక్కడ పారేశారు. నేలమీద కాగితం ముక్క కూడా మిగలలేదు. మా బడిలో ఆఖరి పనిదినాన కూడా ఇంత శుభ్రం నేనెన్నడూ చేయించలేకపోయాను.

మా మనమడు ఆవిడకు "వెళ్ళొస్తా" అనటం నేర్పాడు. అర్థమేమిటని అడిగింది. పోయి మళ్ళీ వస్తానని, అన్నాడు వాడు. ఆవిడ ఒక్క క్షణం ఆగి, వాడికి ఒక అట్టపెట్టె ఇచ్చి, "వెళ్ళొస్తా" అని వంకర తెలుగులో అని బండెక్కింది. ముందు ఒక వాను, మధ్య ఆవిడ వాను, వెనక ఒకటి, దుమ్ములో మెల్లగా కదిలిపోయాయి.

తిరుగు ప్రయాణంలో పెట్టె విప్పి చూశాం. ఐదేళ్ళలో ఆవిడ ఏరిన రాళ్ళు. ఒక్కొక్క రాయికీ చీటీ అంటించి పేరూ, తేదీ రాసింది. 2018 నాటి చీటీలు చదవటానికి నాకు కళ్ళజోడు కావలసి వచ్చింది. 2023 నాటి చీటీలమీద అక్షరాలు బొటనవేలంత ఉన్నాయి. వాటిని మా మనమడు ముందు సీటులోంచే చదివేశాడు.