మెతుకుసీమలో ఒక మహామందిరం

ఇంగ్లాండు పల్లెసీమలలోని పురాతన చర్చీలను గూర్చి పాఠ్యపుస్తకాలలో చదివినప్పుడు, అవి మనకు అందని దూరాన ఉన్న వింతలని భావిస్తాము. అట్టి శిఖరమొకటి మనకు సమీపాన మెదకులోనే ఉన్నది. అందుచేత విజ్ఞానయాత్రకు మేము ఆ చర్చినే ఎంచుకున్నాము. జగిత్యాల, కోరుట్ల విద్యార్థులతో బయలుదేరి, దారిలో సిరిసిల్లవారిని కలుపుకొని, కామారెడ్డి, రామాయంపేటల మీదుగా మెదకు చేరుకున్నాము.

బయలుదేరుటకు ముందు ఒక విద్యార్థి తాతగారు, "మన పిల్లలకు చర్చిలో ఏం పని సారూ?" అని మమ్మల్ని అడిగారు. జగిత్యాలలోని నక్షత్రాకారపు కోటను 1747లో ఇబ్రహీంఖాను కొరకు ఫ్రెంచి ఇంజనీర్లు కట్టారని పెద్దలు చెబుతారు. అది ఫ్రెంచివారి పద్ధతి గనుక పరాయిదని మన ఊరిలో ఎవరూ అనరు. ఆయనతో మేము ఆ మాటే చెప్పాము. ఆయన కాదనలేదు, ఔననీ అనలేదు.

మెదకు చర్చి నిర్మాణం 1914లో ఆరంభమైనది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగినది. పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు, శిఖరం ఎత్తు 175 అడుగులు. వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ కరువుకాలంలో జనానికి పని కల్పించి, ఆ పనితో దీనిని కట్టించారు. మెతుకుసీమ అని పేరున్న చోట, మెతుకు కరువైన నాడు లేచిన కట్టడమిది.

చెప్పులు విడిచి లోనికి అడుగుపెట్టాము. లండను చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ కూర్చిన రంగుటద్దాల కిటికీలు బయటి నుండి నల్లని పలకలవలె కనిపించినవి. లోపల నిలిచి చూడగా సూర్యకాంతిలో క్రీస్తు జననము, శిలువ, ఆరోహణము వెలిగిపోతున్నవి. తాతగారి ప్రశ్నకు ఆ కిటికీలకన్న మంచి జవాబు మాకు తోచలేదు.

దీని నక్షా గీసిన బ్రాడ్‌షా గ్యాస్ అండ్ హోప్ సంస్థ ఇంగ్లాండులోని బోల్టన్ పట్టణానిది. 1779లో శామ్యూల్ క్రాంప్టన్ నూలు వడికే యంత్రాన్ని రూపొందించినది ఆ ప్రాంతంలోనే. ఇది చెప్పగానే, తండ్రి సాంచలు నడిపే సిరిసిల్ల విద్యార్థి ఒకడు, "సార్, మన తాతల మగ్గాలను మూలకు నెట్టిన మిల్లుల ఊరేనా?" అని అడిగాడు. ఔనన్నాము. మగ్గాలకు జరిగిన అన్యాయం ఈ ఉపకారంతో చెల్లిపోదు. ఆ అన్యాయం వలన ఈ ఉపకారం అబద్ధమూ కాదు. రెంటినీ కలిపి గుర్తుంచుకొనుటే చరిత్ర చదువుట.

"మరి రాళ్లు మోసినవారి పేర్లు ఎక్కడున్నవి?" అని వాడే మళ్లీ అడిగాడు. పాస్నెట్ పేరు నిలిచినది, సాలిస్‌బరీ పేరు నిలిచినది. జగిత్యాల కోట కట్టినవారిలోనూ ఇంజనీర్ల పేర్లే జనం నోట మిగిలినవి. నక్షాలు ఎక్కడివైనా, ఆ గోడలనెత్తినవి ఈ నేల చేతులే. కనుకనే అవి మనవి.

విద్యార్థులకు ఒక పని అప్పగించాము. మీ ఊరి మసీదు, గుడి, చర్చి, బురుజు, బావి, ఏదైనా సరే, దాని పనిలో రాయి మోసినవారి కుటుంబమొకటి ఇంకా ఉన్నదేమో పెద్దలనడిగి, ఆ పేరు వ్రాసి తీసుకురండి.