మా అయ్య మోసిన శవాలు

మా వంశంలో లైబ్రరీ గుమ్మం తొక్కిన మొదటోణ్ణి నేను. మొదటి పదో తరగతి నాదే, మొదటి డిగ్రీ నాదే, మొదటి సర్కారు జీతం నాదే. 2014 డి.ఎస్.సి.లో టీచరుద్యోగం వచ్చాక అనకాపల్లి టౌన్లో అద్దె ఇల్లు చూసుకుని దిగాం. మొదటోడికి గొప్ప ఎంత ఉంటుందో భయం కూడా అంతే ఉంటుంది. ఎప్పుడు ఎక్కడ పట్టుబడిపోతామోనన్న భయం. ఆ భయం నా చేత ఏం పని చేయించిందో చెప్పుకోడానికే ఇది రాస్తున్నాను.

ఇల్లు అడగడానికెళ్ళినప్పుడు ఇంటాయన మంచినీళ్ళిచ్చి, ఊరూ పేరూ అడిగి, ఆఖర్న "మీరేవిట్లు మాస్టారూ?" అన్నాడు. "వ్యవసాయమండీ మాది" అన్నాను. అబద్ధం కాదు. మా అయ్య, మా తాత జన్మంతా చేసింది వ్యవసాయమే. కాకపోతే పొలం ఊళ్ళోవాళ్ళది.

ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి కదా. 2023లో ఆ వారంలో టౌన్లో లైబ్రరీలో పిల్లల బొమ్మల పుస్తకాలు బల్లల మీద పరిచారని తెలిసింది. హైదరాబాదులో ఇలాంటి బొమ్మల కథల వాళ్ళందరికీ కామిక్ కాన్ అని పెద్ద జాతర చేస్తారు. టిక్కెట్టు కొనుక్కుని పోతారు. మాకంత స్తోమతు ఎక్కడిది? మా పిల్లలకి ఇదే ఆ జాతర అనుకుని ఆదివారం పూట అందరం బయల్దేరాం. నేను, మా ఆవిడ, మూడో తరగతి చదివే మా అమ్మాయి, అయిదేళ్ళ చిన్నోడు. కంటి డాక్టరుకి చూపించుకోడానికి ఊర్నుంచి వచ్చిన మా అమ్మ కూడా.

"ఓలమ్మ, నానేటి సదువుతానురా అక్కడ?" అంది అమ్మ.

"బొమ్మలుంటాయమ్మా. చూద్దువుగాని."

బొమ్మల కథలంటే నాకు పిచ్చి. ఆ పిచ్చి నాకు పొట్లం కాగితంలో దొరికింది. మా ఊరు శారదానది అవతల. అయ్య అనకాపల్లి బెల్లం మార్కెట్లో కళాసీ. అనకాపల్లి బెల్లమంటే దేశమంతా పేరు. ఆ దిమ్మలు మోసి మోసి అయ్య భుజం మీద చర్మం చెప్పు తోలులా అయిపోయింది. సాయంత్రం వచ్చేటప్పుడు వేరుశనగ గుళ్ళ పొట్లం తెచ్చేవాడు. గుళ్ళు తమ్ముడికిచ్చి కాగితం నేను తీసుకునేవాణ్ణి. ఒకసారి ఆ కాగితం చందమామ. బేతాళ కథ. బేతాళుడు ప్రశ్న వేసే దాకానే ఉంది. జవాబున్న పేజీ ఇంకెవరి పొట్లంలో పోయిందో.

ఆ జవాబు కోసం ఊళ్ళో ఒక పెద్దింటి వాకిట్లోకెళ్ళాను. వాళ్ళకి నెలనెలా చందమామ వచ్చేది. వాళ్ళబ్బాయి నా క్లాసే. నన్ను అరుగెక్కనిచ్చేవారు కాదు. పుస్తకం నేల మీద పెడితే తీసుకుని అక్కడే గొంతుక్కూచుని చదవాలి. తిరిగిచ్చేటప్పుడు మళ్ళీ నేల మీదే పెట్టాలి. వాళ్ళ ముసలమ్మ నీళ్ళు చిలకరించి తీసుకునేది. నీళ్ళు పడి బొమ్మలు పాడైపోతాయని ఏడుపొచ్చేది నాకు. నన్ను అంటరానోణ్ణి చేశారని మాత్రం ఏడుపు రాలేదు. అది తెలియడానికి ఇంకో పదేళ్ళు పట్టింది.

లైబ్రరీలో బల్లల మీద పాత చందమామలు బైండు చేసి పెట్టారు. బాలమిత్ర, బొమ్మరిల్లు, అమర చిత్ర కథలు ఉన్నాయి. 1947 జూలైలో మద్రాసులో నాగిరెడ్డి, చక్రపాణి చందమామ మొదలుపెట్టారనీ, దానికి అట్టమీద బొమ్మలేసిన వడ్డాది పాపయ్య గారు మన పక్క కశింకోటలోనే ఉండేవారనీ, 1992లో చనిపోయారనీ మా అమ్మాయికి చెబుతున్నాను. మాస్టారి బుద్ధి ఎక్కడికి పోతుంది! అది వినడం లేదు. పేజీలు తిప్పుతోంది.

"నాన్నా, రాక్షసులందరూ నల్లగానే ఉంటారేం?"

నేను జవాబు వెతుక్కునేలోపు చిన్నోడు ఒక బొమ్మ మీద వేలు పెట్టి "ఈయన తాతలా ఉన్నాడు" అన్నాడు. గోడ మీద ఫోటోలో తప్ప వాడు తాతను చూడలేదు. నల్లటి ఒళ్ళు, బండ ముక్కు, ఉంగరాల జుట్టు. వాడిది నిజమే. మా ఆవిడ నా వైపు చూసి తల తిప్పుకుంది. బొమ్మలేసినవాళ్ళు చెడ్డవాళ్ళని నేననను. రాజు ఎలా ఉంటాడో, దేవకన్య ఎలా ఉంటుందో వాళ్ళకి చూడకుండానే తెలుసు. మా పేటకి దారి మాత్రం తెలియదు. అందుకే మా మొహాలు దొరికితే రాక్షసుల దగ్గర దొరుకుతాయి, లేకపోతే ఎక్కడా దొరకవు.

అప్పటిదాకా అమ్మ మాట్లాడలేదు. బేతాళ కథ బొమ్మ దగ్గర ఆగిపోయింది. శంకర్ గారు గీసిన బొమ్మ అది. ఒక చేత కత్తి, భుజాన శవం, శ్మశానంలో నడిచే రాజు.

"ఈడెవుడ్రా, శవాన్ని మోస్తన్నాడు?"

"విక్రమార్కుడమ్మా. రాజు."

"రాజుకేటి కర్మ? మీ అయ్య మోసినాడు గదరా! ఏరొచ్చినప్పుడు కొట్టుకొచ్చిన దిక్కులేని శవాన్ని ఒక్కడే బుజానేసుకొచ్చినాడు. ఊళ్ళో గొడ్డు సచ్చినా ఆడే ఎత్తాల. సావుకి డప్పూ ఆడే కొట్టాల. మరాడ్ని ఏ పుస్తకంలో ఏసినార్రా?"

మా అమ్మది పొలంలో మనిషిని కేకేసే గొంతు. హాలంతా వినబడింది. పక్క బల్ల దగ్గర మా ఇంటాయన కోడలు, పిల్లలు ఉన్నారు. ఆవిడ పేజీ తిప్పడం ఆపేసింది.

"అమ్మా, మెల్లిగా! ఇది లైబ్రరీ" అన్నాను, పళ్ళు బిగించి.

లైబ్రరీలో గట్టిగా మాట్లాడకూడదు, నిజమే. కానీ నేనన్నది అందుకు కాదు. అమ్మకీ తెలుసు. బొమ్మ మీంచి చెయ్యి తీసేసింది. ఆ చెయ్యి చీరకొంగుకి తుడుచుకుంది, పుస్తకాన్ని మైల చేసినట్టు. నలభయ్యేళ్ళు ఊరు మా అమ్మ చేత చేయించిన పని ఆ పూట నేను చేయించాను. బి.ఇడి. చదివిన కొడుకుని.

మా అమ్మాయి నా చొక్కా పట్టుకుంది. "మామ్మని ఎందుకు తిట్టావు? తాత శవాలు మోశాడా? నాకెప్పుడూ చెప్పలేదేం?"

తెలిసీ జవాబు చెప్పకపోతే తల పగిలిపోతుందంటాడు బేతాళుడు. చెప్తే శవం చేజారి మళ్ళీ చెట్టెక్కుతుంది. ఆ రాజుకి నోరు విప్పితే శవం పోతుంది. మాకు నోరు విప్పితే అద్దె ఇల్లు పోతుంది. అయినా ఎన్నాళ్ళు?

అక్కడే గొంతుక్కూచున్నాను. మాది మాదిగ పేట అని చెప్పాను. గొడ్డు ఎత్తనంటే కూలికి పిలిచేవారు కాదని, తాత ఆ పని మానేసి మార్కెట్లో కళాసీగా చేరిన రోజు అమ్మ ఊరి మీద భయంతో అన్నం తినలేదని చెప్పాను. మనుషులకి అసహ్యమైన పని తాత చేశాడు, కానీ అసహ్యం ఆ పనికి కాకుండా తాతకి అంటగట్టారు అని చెప్పాను. గొంతు వణికింది. మెల్లిగా మాత్రం మాట్లాడలేదు.

ఇంకో బల్ల మీద అంబేడ్కర్ బొమ్మల కథ ఉంది. సతారా బడిలో ఆయన ఇంటి నుంచి తెచ్చుకున్న గోనె మీద కూచోవడం, ప్యూను వచ్చి కుళాయి తిప్పితేనే మంచినీళ్ళు దొరకడం, ప్యూను లేని రోజు దాహంతో ఉండడం అమ్మకి చెప్పాను. "మన సెంటర్లో బొమ్మున్న బాబేనా? ఆయనా గోనె మీదే కూకున్నాడేటి!" అని మళ్ళీ ఆ పేజీ ముట్టుకుంది. చచ్చిన గొడ్డు మాంసం మానండని 1927లో మహద్‌లో ఆయన మనవాళ్ళకి చెప్పాడమ్మా అంటే, "మాకు సెప్పినోడు లేకపోయాడు, మీ అయ్యే మానీసినాడు" అంది.

మర్నాటి నుంచి ఇంటాయన మనవలు మా వాకిట్లోకి ఆడుకోడానికి రాలేదు. నెల తిరక్కుండా "మా బంధువులొస్తున్నారు మాస్టారూ, ఇల్లు కావాలి" అన్నాడాయన, ఎంతో మర్యాదగా. ఈసారి ఇల్లు వెతుకుతూ అడక్కముందే చెప్పాను. మూడిళ్ళవాళ్ళు కాదన్నారు. నాలుగో ఇల్లు దొరికింది.

సామాన్లు సర్దుతుంటే నేనెప్పుడో కొనుక్కున్న 'భీమాయన' బయటపడింది. 2011లో వచ్చిన పుస్తకం. గోండు చిత్రకారులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ అంబేడ్కర్ జీవితం గీశారు. ఇంగ్లీషు పుస్తకం కదా, పిల్లలకెందుకులే అని అల్మరాలో పెట్టేశాను. అందులో మంచి మాటలు పిట్ట ఆకారంలో ఉంటాయి, కులం విషం కక్కే మాటలకి తేలు కొండి ఉంటుంది. మా అమ్మాయి ఇట్టే పట్టేసింది. "మరి మన ఇంటాయన మాటకి కొండి ఉందా నాన్నా?" అంది. "ఉంది. మడిచి దాచాడు" అన్నాను.

ఇప్పుడు మా బడిలో శనివారం ఒక పీరియడు పిల్లల చేత వాళ్ళ ఇంట్లోవాళ్ళు చేసే పని బొమ్మలుగా వేయిస్తున్నాను. చెరకు నరికే అమ్మ, కాలవ తీసే మావయ్య, ఇటుకబట్టీలో అప్ప వచ్చారు. రాక్షసుడు ఒక్కడూ రాలేదు. మా అమ్మాయి వాళ్ళ తాతని వేసింది. ఒక భుజాన బెల్లం దిమ్మ, ఇంకో భుజాన శవం. నల్ల క్రేయాన్ అరిగిపోయేదాకా రుద్దింది.

సంఘాల్లో తిరిగే తమ్ముళ్ళకి, హాస్టళ్ళలో చదువుకునే చెల్లెళ్ళకి ఒక మాట. మన ఇళ్ళల్లో చదువురాని అమ్మలున్నారు. వాళ్ళని లైబ్రరీకి తీసుకెళ్ళండి. అక్కడ వాళ్ళు గట్టిగా మాట్లాడితే, నాలాగా నోరు నొక్కకండి.