వేట పోయినది, విద్య వచ్చినది

విరుదునగరంలో బస్సెక్కి సాత్తూరు మీదుగా కోవిల్‌పట్టికి పోతే దారి పొడవునా నల్లరేగడి నేలలే. విజయనగర, నాయకరాజుల కాలంలో మనవారెందరో వచ్చి నిలిచిన సీమ ఇది. అడవిపంది వేటకు పెంచిన తెల్లకుక్క నేటికీ రాజపాళయం పేరుతోనే ప్రసిద్ధి. వేటను మాత్రం 1972 నాటి వన్యప్రాణి చట్టం కట్టివేసినది.

కోవిల్‌పట్టిలో మా బంధువుల పిల్లవాడు, "పెద్దనాయనా, నేను అడవి చదువు చదువుతాను" అన్నాడు. తండ్రికి దిగులు. "అగ్గిపెట్టెల కార్ఖానాలో లెక్కలు రాసినా నెలజీతం వస్తుంది. అడవిలో ఏమున్నది?" అన్నారు.

ఉన్నదనే మేము చెప్పినాము. అమెరికాలో వేటకూ, చేపల గాలానికీ విడుదులు నడిపే విద్యను కళాశాలల్లో నేర్పుతారు. ఇక్కడ దారి వేరు. మేట్టుపాళయంలో అటవీ కళాశాల, తూత్తుకుడిలో 1977 నుండి మత్స్య కళాశాల, నెల్లూరులో పర్యాటక విద్యాలయం ఉన్నవి. పైచదువుకు డెహ్రాడూన్‌లో 1982లో వెలసిన వన్యప్రాణి సంస్థ ఉన్నది. పని దూరం కాదు. వల్లనాడులో కృష్ణజింకలున్నవి. శ్రీవిల్లిపుత్తూరు కొండల్లో బూడిదరంగు పెద్ద ఉడుతలున్నవి. ఆ అడవి 2021లో పులుల అభయారణ్యంలో చేరినది.

చూడవచ్చేవారిని పిలవటం సులువే. జంతువు బెదరకుండా ఎందరిని, ఏ దారిన, ఏ ఋతువులో రానీయవచ్చునో తెలియాలి. ఊరివారికి నాలుగు రూకలూ మిగలాలి. ఈ చదువంతా అదే. తాతలు అడుగుజాడ చూచి బాణం వేసినారు. మనుమడు అదే జాడ చూచి లెక్క రాయాలి.

తండ్రిగారు ఇంకా సరే అనలేదు. దరఖాస్తు కాగితాన్ని మాత్రం దేవుని పటం దగ్గర పెట్టినారు.