శనిగారి దర్శనానికి ఎన్ని రెట్లు?

ఏమండీ, ఆ వడియాల సంగతి తర్వాత చూద్దురుగాని, ఒక్కసారి ఇలా గోడ దగ్గరికి రండి. లోకమంతా శని వదిలితే చాలని నువ్వులు దానం చేస్తుంటే, నేను డబ్బులిచ్చి మరీ పట్టించుకున్నాను. అదేనండీ, టెలిస్కోపు. ఎనిమిదంగుళాల అద్దమున్న డాబ్సోనియన్. డాబా మీద గీజరెందుకు పెట్టారని పాలబ్బాయి అడిగాడు కూడా.

టెలిస్కోపు కొంటే అయిపోతుందనుకున్నారా? అసలు కథ ఐపీసుతో మొదలు. అంటే మనం కన్ను ఆనించే బుల్లి గొట్టం. దాని మీద 25, 10, 6 అని అంకెలుంటాయి. బళ్ళో నాభ్యంతరం అని చదివి మర్చిపోయామే, అదీ, మిల్లీమీటర్లలో. టెలిస్కోపు నాభ్యంతరాన్ని దీంతో భాగిస్తే ఎన్ని రెట్లో తేలిపోతుంది. నాదానిది 1200. 25 పెడితే 48 రెట్లు, 6 పెడితే 200. అంకె తగ్గేకొద్దీ బొమ్మ పెరుగుతుందన్నమాట.

మరి 2 పెడితే 600 రెట్లు కదా అంటారు. నాకూ ఆ దురాశ పుట్టింది! చిన్నప్పుడు మా ఇంట్లో 60 మిల్లీమీటర్ల బుల్లి టెలిస్కోపు ఉండేది. అట్టపెట్టె మీద 675 రెట్లని గొప్పగా అచ్చేశారు. దానికి 120 దాటితేనే గగనం. కటకమో అద్దమో, దాని వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లో అంతకు రెండింతలే హద్దు. ఆపైన చల్లలో నీళ్ళు పోసినట్టే. గ్లాసులు పెరుగుతాయి, చల్ల పెరగదు. పైగా రెట్లు రెండింతలైతే గ్రహం వెలుగు నాలుగో వంతుకు పలచబడుతుంది.

ఆ లెక్కన నా ఎనిమిదంగుళాల అద్దానికి 400 రావాలిగా? కాగితం మీద వస్తుంది. గాలి ఒప్పుకోవద్దూ! పగలంతా కాగిన శ్లాబు రాత్రి ఆవిర్లు కక్కుతుంటే, శని ఎసట్లో పడ్డ కందిపప్పు బద్దలా గింగిరాలు తిరుగుతాడు. చాలా రాత్రులు 200, మహా అయితే 250. అయినా 200 తక్కువా? గురుడు దగ్గరగా ఉన్న రోజుల్లో, మామూలు కంటికి కనిపించే చందమామకి ఐదింతల వెడల్పున కనిపిస్తాడు. ఇంకా ఏం కావాలండీ మీకు?

సరే, 6 ఖాయం. కానీ ఏ 6? చవకైనది ప్లోసెల్. 1860 నాటి వియన్నా పద్ధతి. బొమ్మ శుభ్రం, అబద్ధమెందుకు. కానీ కన్ను అద్దానికి నాలుగైదు మిల్లీమీటర్ల దగ్గర పెట్టాలి. రెప్పవెంట్రుకలు అద్దాన్ని ఊడ్చేస్తాయి. మా చెల్లెలు చూసి వెళ్ళాక కాటుక తుడవడానికే నాకు పావుగంట! అందుకే కంటికి కనీసం 15 మిల్లీమీటర్ల ఎడమిచ్చే రకం చూసుకోండి. కళ్ళజోడు వాళ్ళ కష్టాలూ గట్టెక్కుతాయి.

ఇంకో తమాషా. నా డాబ్సోనియన్‌కి మోటారు లేదు. భూమి తిరుగుతూనే ఉంటుందాయె. చూపు వెడల్పు 50 డిగ్రీలున్న 6 ఐపీసులో గ్రహం ఈ అంచు నుంచి ఆ అంచుకి నిమిషంలో జారిపోతుంది. 82 డిగ్రీలదైతే నిమిషంన్నర పైచిలుకు. చుట్టాలని వరసలో నించోబెట్టి చూపించేవాళ్ళకి ఆ అరనిమిషం విలువ తెలుసు. ధర మాత్రం మా ఇంట్లో చెప్పకండేం!

2025లో శని వలయాలు మనకి అంచు చూపించి సన్నటి గీతైపోయాయి. ఇక కొన్నేళ్ళు విచ్చుకుంటూ పోవడమే. కాబట్టి మంచి 6 ఒక్కటి కొనండి. 3 జోలికి పోకండి. టెలిస్కోపుని గంట ముందే ఆరుబయట పెట్టండి, అద్దం చల్లబడాలి. గాలి ఏదో ఒక క్షణంలో నిలుస్తుంది. అప్పుడు కన్ను తియ్యకండి.

కొనేదాకా నాది ఉందిగా. పదకొండు దాటాక, శ్లాబు చల్లారాక రండి. కాటుక మాత్రం వద్దు.