లైటు కుర్రాడి చదువు

పెళ్ళికి వెళితే అందరి చూపూ వధూవరుల మీద ఉంటుంది. నా చూపు మాత్రం మండపం పక్కన లైటు పట్టుకుని నిలబడ్డ కుర్రాడి మీదికి పోతుంది. నల్ల టీషర్టు, భుజాన బ్యాగు, చేతిలో తెల్ల గొడుగు బిగించిన ఫ్లాష్. ఆల్బం మొత్తం తిరగేసినా అతను కనిపించడు. కనిపించాడంటే ఆ ఫోటో పాడైనట్టే.

ఫోటోగ్రఫీ నేర్చుకుందామని చేరినవాడి చేతికి మొదట వచ్చేది కెమెరా కాదు, ఛార్జర్లు. ముందురోజు రాత్రే బ్యాటరీలన్నీ నింపి పెట్టాలి. నిండిన మెమరీ కార్డు ఒక జేబులో, ఖాళీది ఇంకో జేబులో ఉండాలి. నిండినదాన్ని రెండు చోట్ల కాపీ చేశాకే తుడవాలి. కార్డు పోయిందని మళ్ళీ తాళి కట్టమనలేం కదా! తలంబ్రాల వేళ పసుపు బియ్యం కెమెరా సందుల్లో దూరకుండా చూసే పూచీ కూడా అతనిదే.

ఇదంతా ఎవరైనా నేర్పగలరు. అసలు చదువు పెళ్ళితంతులో ఉంది. కొత్తవాడు తాళి కోసం కాచుకుని ఉంటాడు. మనలో చాలా పెళ్ళిళ్ళకి ముహూర్తం పెట్టేదేమో జీలకర్ర బెల్లానికి. అడ్డుతెరకి అటొకరు ఇటొకరు కూర్చుని ఒకరి నెత్తిన ఒకరు చెయ్యి పెట్టడం, తెర తియ్యగానే కలిసే ఆ చూపులు, పంతులుగారిని ఎంత బతిమాలినా రెండోసారి రావు. తాళికైతే మూడు ముళ్ళున్నాయి. మొదటిది అందకపోతే రెండోది దొరుకుతుంది. పంతులుగారి చెయ్యి బాజాభజంత్రీల వైపు లేస్తుండగానే లైటు తన చోటికి చేరాలి. గట్టిమేళం విన్నాక కదిలినవాడు అప్పటికే ఆలస్యం చేసినట్టు.

వెలుగు సంగతీ అంతే. దీపం దూరం రెట్టింపయితే ముఖం మీద పడే వెలుగు దాదాపు నాలుగో వంతుకి పడిపోతుంది. నాలుగడుగుల దూరం ఎనిమిదైతే చాలు. భౌతికశాస్త్రంలో ఇదొక సూత్రం. పెళ్ళికూతురి మేనత్త మోచేత్తో నెడితే వెనక్కి జరిగిన కుర్రాడికి మాత్రం, ఆ వెంటనే పడే కేకతో వంటబట్టే పాఠం. ఎర్ర షామియానా కింద ముఖాలన్నీ కందినట్టు కనిపిస్తాయనీ, పక్కన తెల్లటి థర్మోకోల్ షీటు పట్టుకుంటే నీడలు తేలికపడతాయనీ కూడా అక్కడే తెలుస్తుంది.

ఏమీ రానివాణ్ణి ఎవరు పెట్టుకుంటారన్న బెంగ అక్కర్లేదు. 1923లో ప్యారిస్‌లో మాన్ రే అనే పేరున్న ఫోటోగ్రాఫర్, అన్నీ తెలుసనుకునే సహాయకుడితో విసిగి, ఫోటోగ్రఫీలో ఓనమాలు రాని మనిషి కోసం చూశాడు. శిల్పం నేర్చుకుంటూ డబ్బుకి కటకటలాడుతున్న బెరెనిస్ అబాట్ ‘నేను పనికిరానా?’ అని డార్క్‌రూంలో చేరింది. మూడేళ్ళకి, 1926లో, అదే ఊళ్ళో సొంత స్టూడియో తెరిచింది. తరవాత ఆమె తీసిన న్యూయార్క్ వీధులు చరిత్రకెక్కాయి. మన ఊళ్ళ స్టూడియోల్లోనూ సగం నేర్చినవాడికన్నా చెప్పిన మాట వినే కొత్తవాడికే గిరాకీ.

జీతం గొప్పగా ఉండదు. భోజనం ఆఖరి బంతిలో. అప్పటికి గారెలు అయిపోయి సాంబారు మిగులుతుంది. అయినా ఈ పనిలో ఒక వైభోగం ఉంది. ఫోటోగ్రాఫర్ లోకమంతా ఆ చిన్న చట్రంలోనే. చట్రం బయట ఏం జరగబోతోందో చూసేది సహాయకుడు. సెల్‌ఫోన్ ఎత్తి అడ్డం రాబోతున్న బాబాయినీ, కళ్ళు తుడుచుకోవడానికి కొంగు వెతుక్కుంటున్న అమ్మమ్మనీ ముందు పసిగట్టేది అతనే. ‘‘అన్నా, ఎడమపక్క అమ్మమ్మ’’ అని మెల్లగా అన్న రోజున అతను లైటు మోసేవాడు కాదు, ఫోటో తీసేవాడే. నొక్కిన వేలు మాత్రం ఇంకొకరిది. ‘‘ఒరేయ్, లైటు ఎత్తరా!’’ అనే కేకలు అక్కడినుంచి తగ్గిపోతాయి.

ఏ కెమెరా కొనమంటారని కుర్రాళ్ళు అడుగుతుంటారు. ముందు ఒక పెళ్ళిళ్ళ సీజన్ అంతా ఎవరి దగ్గరైనా లైటు పట్టమంటాను. కెమెరా కొన్నాక ఆ పనికి మిమ్మల్ని ఎవరూ పిలవరు, మీరే ఒకణ్ణి వెతుక్కోవాలి. వాడికి ఏం చెప్పాలో మీకు తెలిసి ఉండాలిగా!